పడవ కింది గేరుపెట్టె: దుబాయి షెడ్డు నుంచి

బాలానగర్ షెడ్లలో లారీల డిఫరెన్షియళ్లు (వెనక ఇరుసు గేరుపెట్టెలు) విప్పి బిగించిన హైదరాబాదు మెకానిక్కుకు స్టెర్న్‌డ్రైవ్ (పడవ వెనక బిగించి ప్రొపెల్లరును తిప్పే యంత్రం) లోయర్ యూనిట్, అంటే దాని కింది గేరుపెట్టె, పూర్తిగా కొత్త వస్తువేమీ కాదు. ఇంజను పడవ లోపల వెనుక గోడకు ఆనుకొని ఉంటుంది, డ్రైవు ఆ గోడకు బయట నీటిలోకి దిగి ఉంటుంది. ఇంజను శక్తి యూనివర్సల్ జాయింట్ల మీదుగా బయటికి వచ్చి, పై గేర్ల దగ్గర కిందికి మళ్లి, నిలువు షాఫ్టు ద్వారా లోయర్ యూనిట్‌లోని పినియనుకు (చిన్న గేరుకు) చేరి, అక్కడ మరోసారి మలుపు తీసుకొని ప్రొపెల్లరును తిప్పుతుంది. 1959లో వోల్వో పెంటా సంస్థ అక్వామాటిక్ పేరుతో దీన్ని అమ్మకానికి తెచ్చిన నాటి నుంచి మూలసూత్రం మారలేదు. లారీ గేరుపెట్టె ఎప్పుడో ఒకప్పుడు వానకు తడుస్తుంది. ఇది నీటిలోనే పనిచేస్తుంది, ఆ నీటిని లోపలికి రానివ్వకుండా ఆపేవి కొన్ని రబ్బరు సీళ్లు, ఓ-రింగులు, వాషర్లు మాత్రమే.

నేను పనిచేసే దుబాయి షెడ్డుకు వచ్చే పడవలు మహాసముద్రాలకంటే ఉప్పు ఎక్కువగా ఉన్న గల్ఫు నీటిలో తిరిగేవి. ఎండాకాలంలో ఆ నీరు బాగా వేడెక్కడంతో తుప్పు పని ఇంకా త్వరగా సాగుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట పని నిషేధం కాబట్టి, డ్రైవులు దించే పని తెల్లవారుజామునే మొదలుపెడతాం. మలయాళీ ఫోర్‌మన్‌తోనూ, పాకిస్తానీ వెల్డరుతోనూ మాట్లాడటానికి నాకు పాతబస్తీ ఉర్దూయే సరిపోతోంది. యజమానులు మాత్రం శనివారానికల్లా పడవ నీటిలో ఉండాలంటారు, ఇంజను గురించి గంటసేపు మాట్లాడతారు, గేరు నూనె ఊసెత్తరు.

నిజానికి ఆ నూనె చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుంది. పడవను రాత్రంతా కదల్చకుండా ఉంచి, డ్రైవును నిటారుగా దించి, పొద్దున్నే అడుగు బిరడాను కొద్దిగా మాత్రమే వదులు చేయాలి. నూనెకంటే బరువైన నీరు అడుగుకు చేరి ఉంటుంది కనుక, లోపలికి నీరు వచ్చి ఉంటే మొదటి చుక్కల్లోనే బయటపడుతుంది. పడవ నడిచి వచ్చిన వెంటనే బిరడా విప్పితే నూనె పాలు కలిపిన టీలా కనిపిస్తుంది, అదీ నీటి గుర్తే. బిరడాకున్న అయస్కాంతంపై మెత్తటి బూడిదరంగు ముద్ద సహజమైన అరుగుదల. గోటికి తగిలే లోహపు ముక్కలుంటే గేరు పళ్లో బేరింగో విరుగుతున్నట్టు లెక్క, అప్పుడు నూనె మార్చి పంపడం యజమానిని మోసం చేయడమే.

నీరు ఎక్కువగా వచ్చే దారి ప్రొపెల్లర్ షాఫ్టు సీళ్లే. చేపలు పట్టే నైలాను దారం ప్రొపెల్లరు వెనక చుట్టుకొని సీలు పెదవిని (షాఫ్టును ఒరుసుకొనే రబ్బరు అంచును) కోసేస్తుంది, అందుకే ప్రొపెల్లరును అప్పుడప్పుడూ ఊడదీసి చూడాలి. అక్కడ సాధారణంగా రెండు సీళ్లు ఒకదానికొకటి వీపు చూపుతూ ఉంటాయి: ఒకటి నూనెను ఆపుతుంది, రెండోది నీటిని. సీలు మార్చేముందు షాఫ్టుపై గోరు నడిపి చూడాలి. గాడి తగిలితే ఎంత కొత్త సీలు వేసినా నీరు ఆగదు. బిగించాక నూనె పోయకముందే చేతిపంపుతో గాలి ఎక్కించి, షాఫ్టు తిప్పుతూ గేజీ చూస్తాం. గాలి ఒత్తిడికి నిలిచిన సీలు కూడా వాక్యూమ్‌లో (లోపలి గాలి లాగేసినప్పుడు) ఓడిపోవచ్చు కాబట్టి ఆ పరీక్షా చేస్తాం. నూనెను కింది రంధ్రం నుంచే ఎక్కించి, పై రంధ్రంలో బుడగలు లేకుండా పొంగాక ముందు పై బిరడా, తర్వాత కింది బిరడా బిగించాలి. వాషర్లు ప్రతిసారీ కొత్తవే వేయాలి.

హైదరాబాదు దగ్గరి ఒక చెరువులో పడవ నడిపే మా మేనమామ కొడుకు ఈమధ్య ఫోను చేసి, "బావా, మా దగ్గర ఉప్పు నీళ్లు కావు కదా, ఇవన్నీ మాకెందుకు?" అన్నాడు. ఉప్పు లేకపోయినా డ్రైవుకు బిగించే అనోడు (తాను కరిగి డ్రైవును తుప్పు నుంచి కాపాడే లోహపు దిమ్మ) అవసరం పోదు, దాని లోహం మారుతుంది. సముద్రంలో డ్రైవు అల్యూమినియానికి బదులు తాను కరిగిపోయే జింకు, మంచినీటిలో పైపొర గట్టిపడి పనిచేయడం మానేస్తుంది, అక్కడ మెగ్నీషియం కావాలి. సగం కరగగానే మార్చాలి. ఏళ్లు గడిచినా కొత్తదానిలా మెరిసే అనోడుకు డ్రైవుతో లోహపు స్పర్శ లేదనే అనుమానించాలి, దానికి రంగు వేయడం మరీ తప్పు.

మన చెరువుల బెడద వేరు. నీటిని లోయర్ యూనిట్ నుంచే లాగే డ్రైవుల్లో గుర్రపు డెక్క వేళ్లు ఆ రంధ్రాలకు అడ్డుపడి ఇంజను వేడెక్కిస్తాయి, పంపులో నీటిని తోసే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లరు, నీరు లేకుండా కొద్దిసేపు తిరిగినా పాడైపోతుంది. నిమజ్జనాల తర్వాత తేలే గుడ్డపీలికలు, దారాలు గల్ఫులో నైలాను దారం చేసే పనే ఇక్కడ చేస్తాయి. రాణిగంజ్‌లో అదే కొలతకు ఆయిల్ సీలు దొరుకుతుందని అతను సంతోషపడ్డాడు కానీ, కొలత కుదిరితే చాలదు, లోపలి చుట్టు స్ప్రింగు స్టెయిన్‌లెస్ అయి ఉండాలి. మామూలు ఉక్కు స్ప్రింగు నీటిలో తుప్పుపట్టి తెగితే పెదవి షాఫ్టును వదిలేస్తుంది. అందుకే సెలవుకు వచ్చేటప్పుడు సరైన సీళ్లు నేనే తెస్తానని, అప్పటిదాకా వారానికోసారి అడుగు బిరడా వదులు చేసి మొదటి చుక్క చూడమని చెప్పాను.