సూపులోకి రవ్వ ఉండలు

మ్యూనిక్‌లో ఉన్న రెండేళ్లలో నేర్చుకున్న వంటల్లో, హైదరాబాదుకు తిరిగి వచ్చాక కూడా మా ఇంట్లో నిలిచినది ఒక్కటే. అది తేటగా ఉండే వేడి సూపులో రెండో మూడో రవ్వ ఉండలు వేసుకుని తినే వంటకం. బవేరియాలోనూ ఆస్ట్రియాలోనూ ఈ ఉండలను గ్రీస్‌నోకర్ల్ అంటారు. జర్మన్‌లో గ్రీస్ అంటే రవ్వ అని తెలిసేదాకా, ఆ పేరు వింటే నాకు బండి చక్రాలకు పూసే గ్రీసే గుర్తుకు వచ్చేది.

మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు చెప్పిన కొలత చాలా సులువైనది: గుడ్డు ఎంత బరువుంటే అంత వెన్న, దానికి రెట్టింపు రవ్వ. అంటే ఒక గుడ్డుకు సుమారు 50 గ్రాముల వెన్న, 100 గ్రాముల రవ్వ పడతాయి. పది, పన్నెండు ఉండలు వస్తాయి. అక్కడ పాస్తాకు వాడే డ్యూరమ్ గోధుమ రవ్వతో చేస్తారు గానీ, నేను ఇక్కడ పచ్చి బొంబాయి రవ్వతోనే చేస్తున్నాను. ఉప్మాకని వేయించి పెట్టుకున్న రవ్వతో ఒకసారి చేస్తే, ఉండలు నీళ్లలో విడిపోయి గిన్నెడు జావ మిగిలింది.

వెన్న బాగా మెత్తబడ్డాక నురుగులా తేలికయ్యేదాకా గిలకొట్టి, చల్లదనం పోయిన గుడ్డును అందులో కలపాలి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన గుడ్డు వేస్తే వెన్న విరిగినట్టు పలుకులు కడుతుంది. తరవాత రవ్వ, ఉప్పు, చిటికెడు జాజికాయ పొడి కలిపి పావుగంట పక్కన పెడితే, జారుగా ఉన్న ముద్ద రవ్వ నానడంతో చెంచాకు నిలిచేంత గట్టిపడుతుంది. తడిపిన రెండు టీ చెంచాల మధ్య ముద్దను అటూ ఇటూ మార్చుతూ పోతే మూడు పలకలున్న చిన్న గుడ్డు ఆకారం వస్తుంది. అది చేతకాకపోతే అరచేతిలో గుండ్రంగా చేసుకున్నా రుచిలో తేడా ఉండదు.

మనం ఉండ్రాళ్లకు బియ్యపు రవ్వను ముందే ఉడికించి ఉండ కడతాం కాబట్టి అవి ఆవిరిలో విడిపోవు. ఇక్కడ రవ్వ పచ్చిది. దాన్ని పట్టి ఉంచేది గుడ్డు ఒక్కటే. అందుకే ఉప్పు వేసిన నీళ్లు మరిగీ మరగనట్టు, అంచుల వెంట చిన్న బుడగలు మాత్రమే లేస్తుండగా ఉండలను వేయాలి. సూపులోనే ఉడికిస్తే దాని తేటదనం పోతుంది కనుక వేరే గిన్నెలో ఉడికించడమే మేలు.

నేను మొదట్లో వరసగా పాడుచేసింది ఆ తరవాతి ఘట్టంలోనే. పది నిమిషాలకు ఉండలు పైకి తేలగానే ఉడికాయనుకుని తీసేసేదాన్ని. చెంచాతో కోసి చూస్తే అంచులు మెత్తగా ఉబ్బి, నడిమధ్య శనగగింజంత మేర పసుపుపచ్చగా, పంటికి కరకరలాడేంత గట్టిగా ఉండేది. పైనున్న గుడ్డు త్వరగానే గట్టిపడుతుంది గానీ, నీరు లోపలిదాకా చేరి అక్కడి రవ్వ ఉబ్బడానికి ఇంకా సమయం కావాలి. ఆ సమయంలో మంట అక్కర్లేదు: పొయ్యి ఆపేసి, మూత పెట్టి, మరో పదిహేను నిమిషాలు ఆ వేడి నీళ్లలోనే వదిలేయాలి. అప్పుడు ఉండలు ఇంచుమించు రెట్టింపవుతాయి, కోస్తే నడుమ కూడా ఒకే రంగులో కనిపిస్తాయి.

అక్కడ వీటిని ఎక్కువగా గొడ్డు మాంసం ఎముకలు మరిగించిన సూపులో వేస్తారు. నేను కోడి ఎముకలతో గానీ, క్యారెట్టు, ఉల్లిపాయ, మిరియాలతో గానీ సూపు కాచి వడగట్టి, పైన సన్నగా తరిగిన ఉల్లికాడలు చల్లుతాను. మిరియాల చారులోనూ వేసి చూశాను గానీ, చింతపండు పులుపు ముందు వెన్న రుచి నిలవలేదు; మళ్లీ ఆ ప్రయత్నం చేయలేదు.