నారింజ వాసన, లిమొనీన్ అంకె

నారింజ తొక్క నుంచి తీసిన నూనెలో 90 శాతానికి పైగా లిమొనీన్ అనే సువాసన పదార్థం ఉంటుంది. ఈ ఒక్క సంగతిని పట్టుకొని, లిమొనీన్ ఎక్కువగా ఉన్న రెండు గంజాయి మొక్కలను సంకరం చేస్తే నారింజ వాసన గల రకం పుడుతుందని ఇక్కడ కాలిఫోర్నియాలో చాలామంది పెంపకందారులు నమ్ముతారు. నాకు ఆ లెక్క మీద గురి లేదు.

నారింజకు దాని గుర్తింపునిచ్చేవి ఆ నూనెలో అతి కొద్దిగా ఉండే ఆల్డిహైడ్‌లనే వాసన పదార్థాలు. నిమ్మ వాసనలో ప్రధాన పాత్ర సిట్రాల్ అనే ఆల్డిహైడ్‌ది. నిమ్మగడ్డిని నలిపినప్పుడు నిమ్మపండు గుర్తుకు రావడానికీ అదే కారణం. గంజాయి విషయంలోనూ, రకాల మధ్య వాసన తేడాలను తేల్చేవి చాలావరకు టెర్పీన్‌లు (లిమొనీన్ వంటి సువాసన పదార్థాల కుటుంబం) కాక లేశమాత్రంగా ఉండే ఇతర పదార్థాలనీ, పుల్లని పండ్ల వాసన వెనుక గంధకం కలిగిన అణువులున్నాయనీ 2023లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. మామూలు ప్రయోగశాల నివేదికలో టెర్పీన్‌ల వరుసే తప్ప వీటి ఊసు ఉండదు.

ఒకవేళ లిమొనీనే కావాలనుకున్నా దారి నేరుగా లేదు. లిమొనీన్‌నూ, మట్టివాసన, మూలికల వాసన కలగలిసిన మిర్సీన్‌నూ మొక్క ఒకే ముడిపదార్థం నుంచి వేర్వేరు ఎంజైమ్‌లతో తయారుచేస్తుంది కాబట్టి, ఆ ముడిపదార్థంలో కొంత మిర్సీన్‌కు పోవచ్చు. పైగా మార్కెట్లో పేరున్న మొక్కలు చాలావరకు కొమ్మలు నాటి నిలుపుకుంటూ వస్తున్న సంకరాలు కాబట్టి, వాటి గింజలు వేస్తే తల్లిని పోలని పిల్లలే ఎక్కువగా వస్తాయి.

అన్నిటికన్నా చిక్కు మగ మొక్కతో వస్తుంది. సువాసనను దాచుకునే జిగురు గ్రంథులు ఆడ పూగుత్తుల మీద దట్టంగా ఉంటాయి, మగ పూల మీద చాలా తక్కువ. అందువల్ల తండ్రి ఏ వాసనను ఇవ్వగలదో దాన్ని చూసి చెప్పలేము. పాడి కోసం ఆబోతును ఎంచేవారు దాని కూతుళ్ళ పాలదిగుబడి చూసినట్టే, ఒక్కో మగ మొక్క పుప్పొడితో పుట్టిన ఆడ సంతతిని పూయించి వాసన చూడవలసిందే. దీనికి పదుల సంఖ్యలో మొక్కలు కావాలి. 2016లో ఓటర్లు ఆమోదించిన ఇక్కడి చట్టం 21 ఏళ్ళు నిండినవారిని ఇంటికి ఆరు మొక్కలే పెంచుకోనిస్తుంది గనుక, ఈ పని లైసెన్సు ఉన్న సంస్థలకే సాధ్యం. (మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతి లేని గంజాయి సాగు నేరమని వేరే చెప్పనక్కరలేదు.)

పచ్చి పూవును నలిపి తీర్పు చెప్పడం కూడా తొందరపాటే. లిమొనీన్ వంటి తేలిక టెర్పీన్‌లు ఆరబెట్టేటప్పుడు కొంతవరకు ఎగిరిపోతాయి. గుత్తులు ఎండి, సీసాలో కొన్ని వారాలు మగ్గిన తరువాతనే ఏ మొక్కలో నారింజ నిలిచిందో తేలుతుంది. అప్పటికి ఆ మొక్కను కోసి చాలా రోజులై ఉంటుంది కాబట్టి, పూతకు ముందే ప్రతి మొక్క నుంచీ ఒక కొమ్మ తీసి నాటి ఉంచుకోనివారికి ఆ వాసన సీసాలోనే మిగులుతుంది.