బరంపురానికి అల్లంత దూరంలో ఒక ఊరు

హైదరాబాదు విడిచి వెళ్ళిపోవాలని మా ఇంట్లో నిశ్చయమయ్యాక తేలింది ఏమిటంటే, మేము ఒడిశాలోని బరంపురానికి దగ్గరలో ఉండాలి గాని బరంపురంలోనే ఉండనక్కరలేదు. మా అత్తగారి పుట్టిల్లు ఆ ఊరే. మావారు ఇంటి నుండే లెక్కల పని చేస్తారు గనుక, కరెంటు, ఇంటర్నెట్టు నిలకడగా ఉన్న ఏ ఊరైనా ఆయనకు సరిపోతుంది. డెబ్బై దాటిన అత్తగారికి మాత్రం నెలనెలా గుండె డాక్టరు చూడాలి, మేడ మెట్లు ఉండకూడదు, పెరట్లో నాలుగు కూరపాదులు లేకపోతే ఆమెకు పొద్దు గడవదు. ఈ అవసరాలన్నీ కుదిరే చిన్న ఊరి కోసం ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు అటూ ఇటూ తిరిగినప్పుడు తెలిసిన సంగతులు, ఇదే ఆలోచనలో ఉన్న ఇతర తెలుగు కుటుంబాలకు ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను.

2011 జనాభా లెక్కల నాటికే మూడున్నర లక్షలు దాటిన బరంపురం, దక్షిణ ఒడిశాకంతటికీ వైద్యానికీ, చదువుకూ, టోకు వ్యాపారానికీ కేంద్రం. 1962లో మొదలైన ఎం.కె.సి.జి. (మహారాజా కృష్ణచంద్ర గజపతి) వైద్య కళాశాల ఆసుపత్రికి రాయగడ, గజపతి జిల్లాల కొండల నుండే కాక, శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు మండలాల నుండి కూడా రోగులు వస్తారు. ఆ కళాశాల పేరులోని కృష్ణచంద్ర గజపతి పర్లాకిమిడి మహారాజు, 1937లో ఒరిస్సా మొదటి మంత్రివర్గానికి ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా పిలిచేవారు). 1936 ఏప్రిల్ 1న గంజాం ప్రాంతం మద్రాసు నుండి విడివడి కొత్త రాష్ట్రంలో కలిసినా బరంపురం బజారు తెలుగును విడిచిపెట్టలేదు. నేటికీ అక్కడ బట్టల కొట్లో ఒరియాలో బేరం మొదలుపెట్టి తెలుగులో ముగించవచ్చు.

ఇన్ని ఉన్నప్పుడు నగరంలోనే ఉండిపోవచ్చు గదా అని మా ఆడపడుచు అడిగింది. పాత వీధులు ఇరుకు. వేసవిలో నీళ్ళ ఇబ్బంది ఆ ఊరికి కొత్త కాదు. కింది వాటా, పెరడు రెండూ ఉన్న ఇల్లు మా అద్దె పరిమితిలో కనిపించలేదు. అంతకన్నా ముఖ్యంగా, నగరంతో మాకున్న పని నెలకు ఒకటి రెండు సార్లు ఉండేదే. పాలు, కూరలు, మందులు, బ్యాంకు, జ్వరం వస్తే చూసే డాక్టరు, ఇవన్నీ ఉండే ఊరితోనే రోజూ పని. అందుచేత, నగరం ఎంత దగ్గర అన్నదాని కంటే, నగరానికి వెళ్ళే చివరి బస్సు వెళ్ళిపోయాక ఆ ఊరు తనంతట తాను ఏమి చేయగలదు అన్నదే మేము ముందుగా చూశాము. రాత్రి తొమ్మిదింటికి మందుల దుకాణం తెరిచి ఉంటుందా, ప్రభుత్వ ఆసుపత్రిలో రాత్రిపూట డాక్టరు ఉంటారా, 108 ఎంతసేపట్లో వస్తుంది అన్న ప్రశ్నలకు జవాబులు ఇల్లు చూపించే బ్రోకరు దగ్గర దొరకవు. టీ కొట్టు దగ్గర కూర్చుంటే దొరుకుతాయి. అవి అడగడానికైనా ప్రతి ఊళ్ళోనూ ఒక సాయంత్రం చీకటి పడేదాకా ఉండాలని నియమం పెట్టుకున్నాం.

అందరూ ముందుగా చెప్పేది గోపాలపురం. బరంపురానికి సుమారు 16 కిలోమీటర్లు, సముద్రపు గాలి, ఒకప్పటి రేవు పట్నపు బంగళాలు, ఊరు చూడగానే మనసు లాగుతుంది. మేము చూసిన ఇల్లు కట్టి ఎన్నో ఏళ్ళు కాలేదు. అయినా వంటింటి కిటికీ ఊచను బొటనవేలితో నొక్కితే తుప్పు రేకులు రేకులుగా రాలింది. గోడ అడుగున మూరెడు మేర సున్నం పొంగి, కింద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. ఫ్రిజ్జు, ఏసీ పెట్టెలు ఇక్కడ తొందరగా పాడవుతాయని ఇంటివారే దాపరికం లేకుండా చెప్పారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలులతో తీరం దాటింది ఈ ఊరి దగ్గరే. ఆ తరువాత కరెంటు లేకుండా గడిపిన రోజుల గురించి అక్కడ ఎవరిని కదిపినా ఇంకా కథలు కథలుగా చెబుతారు. పైగా, తీరానికి దగ్గరగా ఇల్లు కట్టుకోవాలంటే తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. అన్నిటికీ మించి, సెలవు రోజుల్లో వచ్చే జనాన్ని బట్టి నడిచే ఊరిది. హోటలు గదులు దొరికినంత సులువుగా ఏడాదంతా ఉండటానికి ఇల్లు దొరకదు. రెండు రోజులు ఉండి రావడానికి గోపాలపురాన్ని మించింది లేదు.

ఇచ్ఛాపురం విషయంలో మాత్రం మా ఇంట్లో చాలా చర్చ జరిగింది. అది ఆంధ్రప్రదేశ్ చివరి పట్నం, బరంపురానికి పాతిక కిలోమీటర్ల లోపు. హౌరా-చెన్నై ప్రధాన రైలు మార్గం మీదా, 16వ నంబరు జాతీయ రహదారి మీదా ఉంది. కాగితాలన్నీ తెలుగులోనే ఉంటాయి. మా రేషను కార్డు తెలంగాణది గనుక, ఎటు వెళ్ళినా కొత్తగా పెట్టుకోవలసిందే. వైద్యం సంగతిలో సరిహద్దు బెంగ కొంత తగ్గింది. 2024 అక్టోబరు నుండి డెబ్బై ఏళ్ళు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ వర్తిస్తుంది కనుక, అత్తగారికి ఆ కార్డు తీసుకుంటే ఏ రాష్ట్రంలో కాపురం ఉన్నామన్నది అంత అడ్డు కాదు. అయితే, చేరబోయే ఆసుపత్రి ఆ పథకంలో ఉందో లేదో ముందుగా కనుక్కోవాలి.

మమ్మల్ని వెనక్కి లాగింది నీళ్ళు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట మొదలుకొని పలాస, వజ్రపుకొత్తూరు దాకా ఉన్న ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కూల్చివేస్తోంది. దానికి కారణం నీరేనని ఇంతవరకు తేలలేదు. ఎన్నో పరిశోధనలు జరిగినా ఒక్క కారణమని శాస్త్రజ్ఞులు నిర్ధారించలేదు. హిరమండలం జలాశయం నుండి ఆ ప్రాంతానికి తాగునీరు తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ వ్యాధుల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. లక్షలమంది ఉంటున్న ప్రాంతాన్ని చూసి భయపడి పారిపోవాలని నేను అనను. కాని ఇప్పటికే రోజుకు అయిదారు రకాల మాత్రలు వేసుకునే మనిషిని తీసుకుని కొత్తగా అక్కడికి వెళ్ళడానికి మావారికి మనసొప్పలేదు, నాకూ ఒప్పలేదు.

నీళ్ళ మాట వచ్చింది గనుక చెబుతాను. ఇల్లు నచ్చిన ప్రతిచోటా ఆ ఇంటి బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని, ఆ రాత్రి బరంపురంలో చుట్టాలింట్లో వాటితోనే కందిపప్పు ఉడకబెట్టేవాళ్ళం. ఇది మా అత్తగారి పరీక్ష. ఉప్పదనం నాలుకకు తెలిసిపోతుంది గాని, నీటి కాఠిన్యం తెలియదు. పప్పు మటుకు పట్టిస్తుంది. ఒక ఊరి నీళ్ళలో కుక్కరు ఎన్ని కూతలు వేసినా పప్పు పలుకు పలుకుగానే మిగిలిపోయింది. "పప్పుడకని ఊళ్ళో నన్ను పెట్టకమ్మా, నాకు పళ్ళు లేవు" అన్నారావిడ. ప్రయోగశాల పరీక్షకు ఇది బదులు కాదు. ఫ్లోరైడు, నైట్రేటు వంటివి పప్పుకు తెలియవు గనుక, అద్దె ఒప్పందానికి ముందు నీటిని పరీక్షకు కూడా పంపించాము.

హింజిలి, దిగపహండి ఊళ్ళ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రెండూ కూరగాయలకూ వరికీ పేరున్న లోపలి ఊళ్ళు, సముద్రపు ఉప్పు బెడద లేదు, అద్దెలు తక్కువ. రైలు ఎక్కాలంటే మాత్రం బరంపురం రావలసిందే. ఇరుగుపొరుగున మేము వెళ్ళిన వీధుల్లో తెలుగు వినిపించలేదు. నేనైతే ఒరియా నేర్చుకుంటాను, కాని పగలంతా ఇంట్లో ఉండే అత్తగారికి గోడ మీదుగా పలకరించే మనిషి కావాలి.

పర్లాకిమిడిని వదులుకోవడం మటుకు కష్టమనిపించింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పి, సవర భాష మీద పని చేసిన ఊరు, మహేంద్రతనయ ఒడ్డున రాజుల కోట, కొమ్ము బొమ్మల పనివాళ్ళు, వీధిలో నిండుగా వినిపించే తెలుగు. 1900లో నౌపడ నుండి వేసిన చిన్న రైలు మార్గం 2011లో పెద్ద గేజీగా మళ్ళీ తెరుచుకుంది. అయినా బరంపురం అక్కడికి నూరు కిలోమీటర్లకు పైమాటే. జిల్లా కేంద్రం గనుక ఊరు తనంతట తాను చాలా పనులు చేసుకోగలదు గాని, గుండె జబ్బు మనిషితో అంత దూరం ప్రయాణమంటే ధైర్యం చాలలేదు. ఆరోగ్యంగా ఉన్న దంపతులు నన్ను అడిగితే, మొదట పర్లాకిమిడినే చూడమని చెబుతాను.

చివరకు మేము ఛత్రపురంలో ఆగాము. బరంపురానికి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల చిల్లర. నగరం బరంపురమే అయినా గంజాం జిల్లా కేంద్రం మాత్రం ఈ చిన్న ఊరు. కలెక్టరు కార్యాలయం ఉండటం వల్ల ఊరి స్థాయికి మించిన సౌకర్యాలు వచ్చాయి. బ్యాంకులున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ప్రధాన మార్గం మీద రైల్వే స్టేషనుంది, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే మందుల దుకాణాలున్నాయి. ఊరి పక్కనే టంపర మంచినీటి సరస్సు. 2021లో దానికి అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. సముద్రం దూరం కాకపోయినా, మేము తీసుకున్న ఇల్లు తీరానికి ఎడంగా, ఊరి లోపల ఉంది. కిటికీ ఊచలు ముందుగా నొక్కి చూశాము. పప్పు మూడో కూతకు ఉడికింది.

తెలుగు సంగతి ఇక్కడ అడగకుండానే తేలిపోయింది. తీరం వెంట ఆర్జిపల్లి మొదలైన పల్లెల్లో ఉండే నోళియా జాలరుల ఇంటి భాష తెలుగే. మేము ఇల్లు చూస్తుండగానే, వాళ్ళలో ఒకావిడ గంపతో వీధిలోకి వచ్చి, "అమ్మా, కొత్తగా దిగినారేటి? సందువా చేప ఉంది, ముసలమ్మకి ముల్లుండదు" అంది. మేము చేపలు తినమని చెబితే, "అయితే మరి బాపనోళ్ళా?" అని నవ్వేసి వెళ్ళిపోయింది. అత్తగారికి ఊరు నచ్చడానికి ఆ ఒక్క పలకరింపు చాలింది.

లోపాలు లేవని కాదు. బదిలీల మీద వచ్చే ఉద్యోగులు ఉండే ఊరు గనుక, మంచి ఇళ్ళు ఖాళీ అవగానే నిండిపోతాయి, అద్దె కూడా హింజిలి కంటే ఎక్కువ. దూరపు రైళ్ళన్నీ ఇక్కడ ఆగవు. ఫైలిన్ దారిలో ఉన్న తీరమే ఇదీ. అందుకే రేకుల వరండా ఉన్న ఇంటిని కాదని, పూర్తిగా స్లాబు వేసిన ఇంటినే తీసుకున్నాము, ఇన్వర్టరు కూడా పెట్టించాము.

స్థలం కొనడం గురించి ఒక మాట, ఎందుకంటే ఆంధ్ర, తెలంగాణల అలవాటుతో ఇక్కడికి వచ్చేవారు అడంగల్, 1-బి అనే భూమి రికార్డుల కోసం వెతుకుతారు. ఒడిశాలో చూడవలసింది ఆర్.ఓ.ఆర్. (హక్కుల రికార్డు), అంటే ఖతియాన్ పట్టా. ప్రభుత్వ భూలేఖ్ వెబ్‌సైటులో తహసీలు, గ్రామం, ఖాతా నంబరు ఇస్తే కనిపిస్తుంది. అందులో 'కిసమ్' అన్న గడిలో ఘరబారి అని ఉంటే అది ఇళ్ళ స్థలం. శారద అని ఉంటే వరి పొలమన్నమాట. ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద మార్పిడి జరిగితే తప్ప ఇల్లు కట్టుకోవడానికి పనికిరాదు. అమ్మేవారు షెడ్యూల్డు కులం లేదా తెగకు చెందినవారైతే, ఇతరులకు అమ్మడానికి అదే చట్టం 22వ సెక్షను కింద రెవెన్యూ అధికారి అనుమతి కావాలి. రాయగడ, కొరాపుట్ జిల్లాలు మొత్తంగానూ, గజపతి జిల్లాలో గుమ్మ, రాయగడ (జిల్లా పేరే ఉన్న వేరే బ్లాకు) బ్లాకులు, ఆర్. ఉదయగిరి వైపూ షెడ్యూల్డు ప్రాంతాలు. అక్కడ 1956 రెండో రెగ్యులేషను ప్రకారం గిరిజనుల భూమి ఇతరులకు బదిలీ కాదు. చవకగా వస్తోందని బ్రోకరు చెప్పే స్థలాల్లో ఈ చిక్కులున్నవి కొన్ని ఉంటాయి.

ప్రస్తుతానికి మేము అద్దెకే ఉన్నాము. ఒక వానాకాలమూ, అక్టోబరు తుపానుల రోజులూ గడిచాకనే కొనుగోలు మాట ఎత్తాలని మావారి అభిప్రాయం. టంపర వైపు ఒక స్థలం చూపించారు. పట్టాలో కిసమ్ ఇంకా శారదగానే ఉంది. మార్పిడి కాగితం చూపించేదాకా బయానా ఇవ్వబోమని బ్రోకరుకు చెప్పాము.