రెండు నిమిషాలు, రెండు వందల పది అడుగులు

శుక్రవారం సాయంత్రం ఐదు దాటాక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) నుంచి మెయిల్ వచ్చిందంటే అది శుభవార్త కాదని ఇక్కడి పాతకాపులు చెబుతారు. నాకు అప్పటికి ఆ జ్ఞానం లేదు. 2024 సెప్టెంబర్‌లో అలాంటిదే ఒకటి వస్తే, పప్పుకి తాలింపు పెడుతూ ఫోన్‌లో పైపైన చూసి వదిలేశాను. రాత్రి తొమ్మిదింటికి మా కాలనీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ మెయిల్‌కి తగిలించిన పీడీఎఫ్‌లోంచి ఒక పేజీ ఫొటో తీసి పెట్టారు. ఒక పట్టిక, అందులో మా పిల్లలు చదివే ఎలిమెంటరీ స్కూల్ పేరు, దాని పక్కన ‘మూసివేత పరిశీలనలో’ అని.

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన. ఈ ఇల్లు కొన్నదే ఆ బడి కోసం. మా వీధి చివర మలుపు తిరిగితే బడి గేటు. బాబు మూడో తరగతి, పాప అప్పుడే కిండర్‌గార్టెన్‌లో చేరింది. పొద్దున పాలు తాగి, షూ వేసుకుని, ఏడు నిమిషాల్లో క్లాసులో ఉండేవాళ్ళు.

గ్రూపులో ఆ రాత్రి మూడు వందల మెసేజ్‌లు పడ్డాయి. ఇళ్ళ ధరలు పడిపోతాయని ఒకరు, కోర్టుకెళ్దామని ఇంకొకరు, ఇదంతా ఫలానా పార్టీ పనేనని మరొకరు. మధ్యలో ఒకాయన ఎప్పటిలాగే ఇన్‌స్టంట్ పాట్ అమ్మకానికి పెట్టాడు. అసలు బడి ఎందుకు మూస్తున్నారన్నది మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. శనివారం మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక కూర్చుని ఆ పీడీఎఫ్ మొత్తం చదివాను.

చదివితే కారణం చాలా మామూలుది. పాతికేళ్ళ క్రితం ఈ కాలనీ కట్టినప్పుడు ఇంటికి ఇద్దరేసి పిల్లలు. ఆ పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయారు, అమ్మానాన్నలు ఇళ్ళు వదల్లేదు. చిన్నపిల్లలున్న కొత్త జంటలకి ఇక్కడి ధరలు అందక ఇంకా ఉత్తరానికి పోతున్నారు. బడి సగం ఖాళీ. పైగా టెక్సస్‌లో రాష్ట్రం డబ్బిచ్చేది ఎంతమంది చేరారన్న లెక్కన కాదు, రోజూ ఎంతమంది హాజరయ్యారన్న సగటు మీద. ఒక్కో పిల్లవాడికి మూల మొత్తం 6,160 డాలర్లు. ఆ అంకె 2019లో పెట్టింది, అప్పటినుంచి కదల్లేదు. (2025లో పెంచారు. ఎంతనుకున్నారు? 55 డాలర్లు.) గుడ్ల ధర నుంచి టీచర్ల జీతం దాకా అన్నీ పెరిగిన ఐదేళ్ళవి. మా ఒక్క ఊరి సమస్యా కాదు. అంతకు మూడు నెలల ముందే, జూన్‌లో, డాలస్‌కి ఉత్తరానే ఉన్న ప్లేనో ఊరి స్కూల్ బోర్డు రెండు ఎలిమెంటరీ, రెండు మిడిల్ స్కూళ్ళు మూసేయడానికి ఓటేసింది. అది పేపర్లో చదివి ‘అయ్యో పాపం’ అనుకుని పేజీ తిప్పిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

అప్పుడు మా నాన్న ఆరు నెలల విజిటర్ వీసా మీద మా దగ్గరున్నారు. తెనాలి దగ్గర పల్లెలో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు. విషయం చెబితే ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు.

"మనకి 117 జీవో వచ్చినట్టన్నమాట."

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ జీవో తెచ్చి, మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్ళకి తరలించింది. ఊళ్ళో బడి ఒకటీ రెండూ తరగతులతో మిగిలింది. రిటైరయినా నాన్న తల్లిదండ్రులతో కలిసి మండలాఫీసుకి అర్జీలు మోశారు. 2025లో ఆ జీవోని రద్దు చేశారు గానీ, ఈలోపు ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కిన పిల్లలు దిగి వెనక్కి రాలేదంటారాయన.

"మన విద్యాహక్కు చట్టం రూల్సులో ఐదో తరగతి దాకా కిలోమీటరు లోపు బడి ఉండాలని ఉందమ్మా. ఇక్కడ ఎంత?"

వెతికాను. అలాంటి రూలు నాకెక్కడా కనపడలేదు. ఉన్నదల్లా బస్సు లెక్క. బడికి రెండు మైళ్ళు, అంటే మూడు కిలోమీటర్ల పైన ఉంటేనే బస్సుకి రాష్ట్రం డబ్బిస్తుంది. లోపలుంటే నడవాల్సిందే, లేదా అమ్మానాన్నా కారులో దింపాలి. మా పిల్లల్ని పంపుతామంటున్న కొత్త బడి ఒకటిన్నర మైళ్ళు. మధ్యలో ఆరు లేన్ల రోడ్డు, 45 మైళ్ళ స్పీడు.

ఇక్కడ మా పక్కింటి పెద్దావిడ గురించి చెప్పాలి. తెల్లావిడ, ఇదే డిస్ట్రిక్ట్‌లో ముప్పై ఏళ్ళు టీచరుగా చేసింది. కంచె దగ్గర నిలబడి నాకు మొత్తం తతంగం వివరించింది. బోర్డులో ఏడుగురు ట్రస్టీలు, జీతం లేని పని, ఓట్లతో గెలిచి వస్తారు. ప్రతి మీటింగ్ అజెండా, అప్పటి రూలు ప్రకారం, 72 గంటల ముందు బయటపెట్టాలి. అజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడతానంటే ఎవరికైనా అవకాశం ఇవ్వాలి. 2019లో చట్టం మార్చి అది ఖాయం చేశారట.

"నాకు ఓటు లేదు. మేం వీసా మీద ఉన్నాం" అన్నాను.

"మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు. నీ ఇంటి పన్నులో పెద్ద ముక్క వాళ్ళకే పోతోంది, తెలుసా?" అంది.

తెలుసు. ఏటా జనవరిలో గుండె పట్టుకుని కట్టేది నేనే కదా.

బడి మూతపడకుండా ఆపగలనన్న ఆశ నాకు మొదటి వారంలోనే పోయింది. పట్టికలో మా బడి పక్కన ఖాళీ సీట్ల అంకె చూశాక ఆ కుర్చీలో నేనున్నా అదే చేస్తాననిపించింది. గ్రూపులో ఈ మాట అంటే ద్రోహిని చూసినట్టు చూశారు. సరే, పిల్లలు ఆ రోడ్డు ఎలా దాటతారన్నదాని మీద పడదాం అనుకున్నాం నాన్నా, నేనూ.

అక్టోబర్‌లో ఒక సెలవు రోజున, పొద్దున్నే బడి టైముకి, నలుగురం బయల్దేరాం. పిల్లలిద్దరికీ పుస్తకాల సంచులు నిజంగా నింపి తగిలించాం. నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని, చేతిలో రూళ్ళ నోట్‌బుక్, జేబులో రెండు పెన్నులు. సిగ్నల్ దగ్గర బటన్ నొక్కి, నడిచే మనిషి బొమ్మ వెలగ్గానే ఫోన్‌లో టైమర్ మొదలెట్టాను. బాబు ఇరవై ఆరు సెకన్లలో అటు చేరాడు. పాప మధ్యలో డివైడర్ దగ్గర ఏదో గింజ కనపడిందని వంగింది. ఎర్ర చెయ్యి గబగబా కొట్టుకుంటోంది, అంకె నాలుగు, మూడు, రెండు. నాన్న దాన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చేసరికి ముప్పై మూడు. కుడివైపు తిరగాల్సిన పికప్ ట్రక్కు మా వెనకే గుర్రుమంటోంది. నాన్న అటు చేరాక ఏమీ మాట్లాడలేదు. నోట్‌బుక్ తెరిచి ‘పాప: 33’ అని రాసి కింద రెండు గీతలు గీశారు. ఇక్కడి సిగ్నళ్ళకి సెకనుకు మూడున్నర అడుగులు నడుస్తారన్న లెక్క వాడతారని తర్వాత తెలిసింది. ఆ లెక్క వేసినవాళ్ళకి కిండర్‌గార్టెన్ పాప ఉండి ఉండదు.

ఆ సెకన్ల కాగితం చూసి మురిసిపోయాం గానీ, అసలు సరుకు తిరుగు దారిలో దొరికింది. రోడ్డు దాటాక పెట్రోల్ బంకు పక్కన ఖాళీ స్థలం. అక్కడ ఫుట్‌పాత్ ఉన్నట్టుండి ఆగిపోయింది. గడ్డి, గుంట, మళ్ళీ అవతల ఫుట్‌పాత్. కార్లో రోజూ ఆ పక్కనుంచే పోతాను, ఎప్పుడూ గమనించలేదు. నాన్న పాదం వెనక పాదం పెట్టి కొలిచారు. 210 అడుగులు.

మీటింగ్ నవంబర్‌లో, సోమవారం సాయంత్రం. గ్రూపులో 240 మంది ఉంటే వచ్చింది పదకొండు మంది. మిగతావాళ్ళు లైవ్‌లో చూస్తూ బొటనవేళ్ళు పంపారు. నాకు మూడు నిమిషాలన్నారు కాబట్టి మూడు నిమిషాలకి రాసుకున్నాను, అద్దం ముందు నాలుగుసార్లు చదువుకున్నాను. తీరా వెళ్తే పేర్లిచ్చినవాళ్ళు ఎక్కువై తలా రెండు నిమిషాలే అని ప్రకటించారు. కడుపులో తిప్పింది. పక్కింటావిడ నా కాగితం లాక్కుని, ‘గౌరవనీయులైన’ అంటూ మొదలయ్యే నాలుగు లైన్లూ పెన్నుతో కొట్టేసింది. "వాళ్ళ పేర్లు వాళ్ళకి తెలుసు. నీ పేరు, వీధి, ఆ తర్వాత నేరుగా రోడ్డు." బడి అంటే మా పిల్లలకి రెండో ఇల్లు అనే పేరా కూడా ఎగిరిపోయింది. దానికోసమే నేను ఎక్కువసేపు కష్టపడ్డాను.

నా ముందు ఎనిమిది మంది మాట్లాడారు, ఐదుగురు ఏడ్చారు. వాళ్ళని తప్పుపట్టను, ఒకావిడ తానూ ఆ బళ్ళోనే చదివింది. కానీ ట్రస్టీల మొహాలు గోడల్లా ఉన్నాయి. జవాబివ్వరు, తలూపరు. అజెండాలో లేని విషయమైతే చట్టప్రకారం సమాచారమో, పాలసీయో చెప్పి ఊరుకోవాలి. ఉన్న విషయమైనా ఆ టైములో బదులు చెప్పే అలవాటు ఇక్కడ లేదు. ఇది ముందే తెలియకపోతే మనల్ని అవమానిస్తున్నారనిపిస్తుంది.

నా వంతు వచ్చింది. మైకు నా ఎత్తుకి వంచుకోవడానికే నాలుగు సెకన్లు పోయాయి. నా ఇంగ్లిష్‌లో తెనాలి వినపడుతుందని నాకు తెలుసు, ఆ రోజు ఇంకాస్త గట్టిగా వినపడింది. పాప ముప్పై మూడు సెకన్ల సంగతి చెప్పాను. ఖాళీ స్థలం ఫొటో కాపీలు ఏడు, క్లర్కు చేతిలో పెట్టాను. ఎర్ర లైటు వెలిగేసరికి ఇంకో వాక్యం మిగిలే ఉంది. మింగేసి వచ్చి కూర్చున్నాను. ఆఫీసులో రోజువారీ టెస్టింగ్ మీటింగుల్లో గంటలు గంటలు వాగే నాకు ఆ రెండు నిమిషాలకి చొక్కా తడిసింది.

డిసెంబర్‌లో ఓటింగ్. ఐదుగురు మూసేయాలని, ఇద్దరు వద్దని. పది నిమిషాల్లో తేలిపోయింది. ఆ రాత్రి గ్రూపు మౌనం.

అసలు పని తర్వాత జనవరిలో మొదలైంది. రెండు మైళ్ళ లోపున్నా దారి ప్రమాదకరమని డిస్ట్రిక్ట్ గుర్తిస్తే బస్సు వేయొచ్చు. ఏది ప్రమాదమో ఆ నిర్వచనం బోర్డే ఆమోదించుకోవాలి. అది డిస్ట్రిక్ట్ పాలసీ పేజీల్లో ఎక్కడో ఉంటుంది, ఓపికుంటే దొరుకుతుంది. రవాణా విభాగానికి మెయిల్ పెడితే మొదటి జవాబు మూడు వారాలకి వచ్చింది: అక్కడ సిగ్నల్ ఉంది కాబట్టి కుదరదు. సెకన్ల లెక్క పంపాను. సిగ్నల్ టైమింగ్ సిటీ చూస్తుంది, మాకు సంబంధం లేదన్నారు. సిటీకి రాస్తే అభ్యర్థన అందినట్టు ఒక నంబర్ వచ్చింది. ఆ నంబర్ ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది.

నాన్న అప్పటికి తెనాలి వెళ్ళిపోయారు. ఫోన్‌లో అన్నీ విని, "నువ్వు నీకు నచ్చిన పాయింటు పట్టుకు వేలాడుతున్నావమ్మాయ్. వాళ్ళ రూల్లో ఏముందో అది రాయి" అన్నారు. మళ్ళీ తీసి చదివితే నిర్వచనంలో మొదటి మాటే నడవడానికి దారి లేకపోవడం. మేం తీసిన ఫొటో, 210 అడుగులు, మ్యాపులో ఎర్ర గీత. ఇంకేమీ రాయలేదు. కన్నీళ్ళు లేవు, సెకన్లు లేవు. మార్చిలో ఒక ఉద్యోగి పసుపు జాకెట్ వేసుకొచ్చి ఆ గడ్డిలో చక్రం దొర్లించుకుంటూ కొలుచుకుని వెళ్ళాడట, పెట్రోల్ బంకు పిల్లాడు చెప్పాడు. ఏప్రిల్‌లో మా వైపు ఆరు వీధులకి బస్సు మంజూరైంది.

మే నెలాఖరున బడికి ఆఖరి రోజు. ఆ సంగతి పెద్దగా రాయలేను. లైబ్రరీలో మిగిలిన పుస్తకాలు పిల్లలకి పంచేశారు. పాప డైనోసార్ల పుస్తకం తెచ్చుకుంది, వెనక అట్ట మీద బడి ముద్ర ఇంకా ఉంది.

ఆగస్టులో పసుపు బస్సు వచ్చింది. ఏడు గంటల ఐదు నిమిషాలకి మా మలుపులో ఆగుతుంది. ఎక్కే పిల్లలు పద్నాలుగు మంది. గ్రూపులో ఎవరో ‘కంగ్రాట్స్ టు ఆల్’ అని పెట్టారు.

మొన్న ఆఫీసుకి వెళ్తూ చూస్తే ఆ ఖాళీ స్థలం చుట్టూ కంచె వేశారు. ఏదో షాపుల కాంప్లెక్స్ వస్తోందట. రోడ్డు పక్కన చెక్కలు బిగించి, ఇనుప జాలీ పరిచి, కాంక్రీట్ లారీ నిలబెట్టారు. సంతోషించాలో వద్దో అర్థం కాలేదు. ప్రమాదకర దారుల జాబితా ఏటా మళ్ళీ చూస్తారు. ఫుట్‌పాత్ పూర్తయితే మా కారణం పోయినట్టే.

రాత్రి నాన్నకి వీడియో కాల్‌లో చెప్పాను.

"సిమెంట్ పోసేశారా?"

"సగం పోశారు."

"అయితే ఆ సెకన్ల కాగితం ఎక్కడ పెట్టావో తీసి ఉంచు" అన్నారు. తర్వాత పాపని పిలవమని, మొబైల్ ముందు నిలబెట్టి, ఈ ఏడాదిలో ఎంత పొడుగైందో చూశారు.