బఠాణీ గింజంత గ్రంథి

నిన్న రాత్రి మధ్యలో ఒక్కసారి కూడా లేవకుండా తెల్లవారేవరకు నిద్రపోయాను. ఏడాది క్రితం ఇదే మంచం పక్కన పెట్టుకున్న రెండు లీటర్ల సీసాలు రెండూ తెల్లారేసరికి ఖాళీ అయ్యేవి, గంటగంటకూ మూత్రానికి లేవవలసి వచ్చేది. షుగర్ పరీక్షలో ఏమీ తేలకపోవడంతో నీరసాన్ని వయసుకూ, ఆకలి లేకపోవడాన్ని దిగులుకూ అంటగట్టుకున్నాను. పక్కచూపు తగ్గి, నడుస్తుంటే భుజం తలుపు అంచుకు తగలడం మొదలయ్యాక గానీ ఎమ్మారై తీయించుకోలేదు.

మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ కనిపించింది. అక్కడ పుట్టేవాటిలో అధిక భాగం అడినోమాలే, అంటే క్యాన్సర్ కాని గడ్డలే కనుక మొదట అదే అనుకున్నారు. ముక్కు ద్వారా తీసిన ముక్కను పరీక్షించాక, అది లింఫోమా అని, అంటే ఆ చోట చాలా అరుదుగా వచ్చే తెల్లరక్తకణాల క్యాన్సర్ అని తేలింది. అడినోమాలో శస్త్రచికిత్సకు ముందే వాసోప్రెసిన్ (ఒంట్లో నీరు మూత్రంగా పోకుండా ఆపే హార్మోన్) తగ్గిపోవడం అరుదని, అంటే నా దాహమే మొదటి ఆనవాలని తరువాత తెలిసింది. దాన్ని నేను ఎండల ఖాతాలో వేశాను!

థైరాయిడ్‌నూ, కార్టిసాల్ అనే హార్మోన్ తయారీనీ నడిపించేది ఈ గ్రంథే కనుక రెండూ తగ్గాయి. థైరాయిడ్ మాత్ర అయిన థైరాక్సిన్‌కు ముందు, కార్టిసాల్‌కు బదులుగా వాడే హైడ్రోకార్టిసోన్ ఇచ్చారు. కార్టిసాల్ లోటును సరిచేయకుండా థైరాక్సిన్ మొదలుపెడితే ప్రాణం మీదికి రావచ్చట. కీమోథెరపీతో గడ్డ కరిగింది కానీ గ్రంథి మాత్రం కోలుకోలేదు. అందుకే రోజూ మాత్రలు, జ్వరం వస్తే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు, స్పృహ తప్పితే ఏ ఇంజెక్షన్ ఇవ్వాలో రాసిన చీటీ ఎప్పుడూ పర్సులో.