విల్మింగ్టన్‌లో కట్టని స్టేడియం

వేసవి సెలవుల్లో అక్కావాళ్లింటికి కేరీ నుంచి విల్మింగ్టన్ వెళ్లాం, రెండూ అమెరికాలో నార్త్ కరోలినా ఊళ్లే. ఐ-40 మీద రెండు గంటల దారి, ఆ హైవే ఆ ఊళ్లోనే అయిపోతుంది. పిల్లలు రైట్స్‌విల్ బీచ్ అంటూ దారంతా కలవరించారు. నేను చూడాలనుకున్నది కేప్ ఫియర్ నది ఒడ్డు, డౌన్‌టౌన్‌కి ఉత్తరాన. 2012లో ఆ వైపునే మైనర్ లీగ్, అంటే మేజర్ లీగ్‌కి కింది స్థాయి, బేస్‌బాల్ స్టేడియం కట్టాలనుకున్నారు.

పై లీగ్ జట్టు అట్లాంటా బ్రేవ్స్‌కి అనుబంధ జట్టు ఒకటి ఇక్కడికి రావాలి, ఊరేమో 37 మిలియన్ డాలర్ల బాండ్లు అమ్మి దానికి స్టేడియం కట్టాలి, ఇదీ ప్లాన్. మైనర్ లీగ్ పద్ధతే అంత. ఆటగాళ్ల జీతాలు పై లీగ్ జట్టు చూసుకుంటుంది, స్టేడియం ఖర్చు చాలాచోట్ల ఊరి నెత్తిన పడుతుంది. అప్పు తీర్చాలంటే ఇంటిపన్ను పెరగాలి. అందుకే నవంబరులో అధ్యక్ష ఎన్నికలతో పాటే జనాన్ని అడిగారు. పదిమందిలో దాదాపు ఏడుగురు వద్దన్నారు. మన ఊళ్లలో స్టేడియం కావాలా వద్దా అని నన్నెవరూ అడిగింది లేదు. అందుకేనేమో, ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ చోటు చూడాలనిపించింది.

ఇప్పుడక్కడ రివర్‌ఫ్రంట్ పార్కు ఉంది. విశాలమైన పచ్చిక, నది మీదుగా గాలి, ఒక పక్క పడవలు ఆగే మెరీనా, మధ్యలో కచేరీల వేదిక. స్టేడియం వద్దన్న ఓటర్లే 2016లో పార్కుల కోసం 38 మిలియన్ల బాండ్లకు సరేనన్నారు. అందులో పెద్ద వాటాతో కట్టిన ఈ పార్కు 2021 జులైలో తెరిచారు. అంటే వీళ్లది డబ్బు తీయడానికి మనసొప్పని జనం కాదు. టికెట్ కొనని మనిషికి కూడా నది ఒడ్డు దక్కాలనుకున్నారని నాకు అర్థమైంది. మేం వెళ్లిన సాయంత్రం కచేరీ ఏమీ లేదు. పిల్లలు బీచ్ మాట మర్చిపోయి చీకటిపడేదాకా ఆ గడ్డిలోనే పరుగులు తీశారు.

పైగా జట్లు వచ్చి వెళ్లిపోవడం ఈ ఊరికి కొత్త కాదు. 1995లో పోర్ట్ సిటీ రూస్టర్స్ వచ్చి రెండేళ్లాడి అలబామాలోని మొబీల్ వెళ్లిపోయింది. 2001లో విల్మింగ్టన్ వేవ్స్ ఒక్క సీజనే ఉంది. రెండూ యూనివర్సిటీ మైదానంలోనే సర్దుకుని ఆడాయి. మంచి స్టేడియం ఉంటే ఉండేవంటారు బావగారు. ఆయన ఇక్కడే క్లినికల్ ట్రయల్స్ కంపెనీలో పనిచేస్తారు, అప్పుడు స్టేడియం రావాలని గట్టిగా కోరుకున్నవారు.

మర్నాడు ఆయనే మమ్మల్ని లీజియన్ స్టేడియంలో షార్క్స్ ఆటకి తీసుకెళ్లారు. షార్క్స్ ఆడేది కోస్టల్ ప్లెయిన్ లీగ్‌లో, అంటే కాలేజీ కుర్రాళ్ల వేసవి లీగ్. జీతాలుండవు. చాలామంది ఊళ్లో ఎవరో ఒకరింట్లో ఉంటూ ఆడతారు. కాలేజీలో మెటల్ బ్యాట్‌కి అలవాటుపడ్డ చేతులు ఇక్కడ చెక్క బ్యాట్ పట్టాలి, ఆ తడబాటు మొదటి ఇన్నింగ్స్‌లోనే కనిపించింది. పిచర్ చేతిలో బంతి తిప్పుకోవడం దగ్గర నుంచి అన్నీ కళ్లెదుటే. పెద్ద స్టేడియాల్లో నాకెప్పుడూ ఇంత దగ్గరగా ఆట దొరకలేదు. మైకేల్ జోర్డన్ చిన్నప్పుడు బేస్‌బాల్ ఆడింది కూడా ఈ ఊళ్లోనే.

ఆట మధ్యలో బావగారు మా కేరీకి దగ్గర్లోని డర్హమ్ ఊరి స్టేడియం సంగతి ఎత్తారు. ‘‘అక్కడా 1990లో జనం బాండ్లు వద్దన్నారు. అయినా సిటీ వేరే దారిలో డబ్బు తెచ్చి కట్టింది. 1995లో తెరిచారు, పక్కన మూతపడ్డ పొగాకు ఫ్యాక్టరీలు కూడా తర్వాత బాగుపడ్డాయి. మీరంతా వెళ్తూనే ఉంటారు కదరా!’’ నిజమే, వెళ్తాం. కానీ డర్హమ్ బుల్స్ అప్పటికే ఊరి జట్టు, దాన్ని నిలుపుకోవడానికి కట్టుకున్నారు. ఇక్కడ ఇంకా రాని జట్టు కోసం కట్టాలి. 2021లో పై లీగు అనుబంధ జట్లను 160 నుంచి 120కి తగ్గించినప్పుడు, స్టేడియాలు కట్టుకున్న ఊళ్లు కొన్ని జట్టు లేకుండా మిగిలాయి.

సొంత మైదానంలో ఏడాదికి దాదాపు 70 ఆటలే, మిగతా రోజులు ఆ నది ఒడ్డు కంచె వెనకే ఉండేది కదా అన్నాను. ‘‘ఆ 70కీ వచ్చేవాణ్ణిరా’’ అన్నారు బావగారు.