ఎండాకాలం నవల మొదలుపెట్టొద్దు, చదివి వినిపించాలె

మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలైన నాడే నవల రాసే తండ్రి లెక్క తప్పుతది. ఒంటిగంటకల్లా పిల్లలు ఇంట్ల ఉంటరు. ఏప్రిల్ ఆఖరుకు బడులు పూర్తిగా మూస్తే మళ్లీ తెరిచేది జూన్ 12 ప్రాంతంలనే. దాదాపు ఏడు వారాలు చేతిల ఉన్నయని కొత్త నవల ఎత్తుకునేవాళ్లు చాలామంది. ఏడు వారాలంటే 49 రోజులు. పెళ్లిళ్లు, మేనమామ ఊరు, పెయ్యి బాగలేని రోజులు కలిపి పద్నాలుగు తీసెయ్యండి. మిగిలిన 35 రోజులు రోజుకు 400 మాటల లెక్కన రాసినా 14,000 అయితయి. అరవై వేల మాటల నవలల అది పావు వంతు కూడ కాదు. జూన్‌కు నవల నడుమల నిలబడి ఉంటది, పిల్లలకేమో సెలవులంతా కసురుకున్న నాయిన గుర్తుంటడు.

అందుకే నేను చెప్పేది ఒకటే: ఎండాకాలం చేతితోని చేసే పని తక్కువ పెట్టుకొని, గొంతుతోని చేసే పని ఎక్కువ పెట్టుకోవాలె. చిత్తుప్రతి చలికాలంలనే అయిపోయి ఉండాలె. ఎండాకాలం దాన్ని పైకి చదివి, దిద్దాల్సిన చోట్లకు గుర్తులు పెట్టుకోవాలె. అదే గొంతుతోని పిల్లలకు కథలు చదవాలె. ఈ రెండు పనులు ఒకే మంచం మీద, ఒకే మధ్యాహ్నం జరిగిపోతయి.

లెక్క చూడండి. తెలుగు మాటలు పొడుగు. తొందర లేకుండ పైకి చదివితే నిమిషానికి తొంభై మాటలు పెట్టుకోవచ్చు. అరవై వేల మాటలకు పదకొండు గంటల పైన పడతది. రోజుకు అరగంట చదివితే ఇరవై రెండు, ఇరవై మూడు రోజులల్ల నవల మొత్తం ఒకసారి నోటినుంచి పోతది. 35 రోజులల్ల ఇంకా పన్నెండు మిగులుతయి. ఆగిన అధ్యాయాలను రెండోసారి చదువుకునేటందుకు అవి పనికొస్తయి.

ఫోన్ల చూసి చదవొద్దు. పిల్లల కన్ను కథ మీద ఉండదు, తెర మీదికి పోతది. కాగితాల మీద తీయించుకోవాలె. ఏ4 కాగితం, ఒక్క దిక్కే ముద్ర, 14 పాయింట్ల అక్షరం, వరుసకు వరుసకు నడుమ ఒకటిన్నర ఎడం, కుడిదిక్కు రెండంగుళాల ఖాళీ. ఇట్ల పెడితే పేజీకి రెండు వందల మాటల దాకా పడతయి, మొత్తం మూడు వందల కాగితాలు. జిరాక్స్ దుకాణానికి వర్డ్ ఫైలు పంపితే తరచుగ ఒక చిక్కు వస్తది. మీ కంప్యూటర్ల ఉన్న తెలుగు ఫాంటు అక్కడ లేకపోతే వత్తులు పక్కకు జరుగుతయి, గుడులు ఎగిరిపోతయి. ఇంట్లనే పీడీఎఫ్ చేసి తీసుకపోవాలె. యూనికోడ్ కంటె ముందు డీటీపీకి వాడిన పాత 'అను' ఫాంట్లల్ల ఉన్న రాతను యూనికోడ్‌కు మార్చినవాళ్లయితే ముందు పది పేజీలే తీయించి చూడాలె. మార్పిడిల తప్పులు ఎక్కువగ వత్తుల దగ్గరనే దొరుకుతయి.

చదివేటప్పుడు దిద్దొద్దు. పెన్సిలు పట్టుకొని గుర్తులు పెడితే చాలు. ఊపిరి అందని వాక్యానికి పక్కన నిలువు గీత. నాలుక తడబడ్డ మాట కింద చుక్క. పక్కన కూసున్న పిల్లగాడు 'ఎవలన్నరు?' అని అడిగిన చోట గుండ్రం చుట్టాలె. ఆ గుండ్రమే అన్నిటికన్నా విలువైంది. ఇద్దరు మాట్లాడుకునే చోట నాలుగు వరుసలు దాటినంక ఎవరి మాట ఏదో తెలియకుండ పోవడం మన నవలల్ల పాత జబ్బు. రాసినాయన కండ్లకు అది కనపడదు, ఎందుకంటే ఎవరు మాట్లాడుతున్నరో ఆయనకు ముందే తెలుసు. పిల్లగాడు లేచి నీళ్లకు పోయిన చోటు కూడ గుర్తు పెట్టుకోవాలె. నిజంగనే దూపయిందా, కథ సాగక పోయిండా అన్నది రెండోసారి చదివితే తెలుస్తది. పిల్లలు వినకూడని అధ్యాయాలు ఏ నవలల్నైనా ఉంటయి. వాటిని వేరే తీసి, పిల్లలు పండుకున్నంక డాబా మీద చదువుకోవాలె.

ఇగ పిల్లల పుస్తకాలు. నల్లగొండల, పాలమూరుల ఇంగ్లీషు మీడియం చదివే పిల్లలకు తెలుగు మాట్లాడొస్తది, చదవడం కష్టం. 2018 చట్టంతోని తెలంగాణ బడులన్నిట్ల తెలుగు తప్పనిసరి అయింది గని, పరీక్ష కోసం చదివే తెలుగు వేరు, కథ కోసం చదివే తెలుగు వేరు. పుస్తకం సరిపోతదా లేదా అన్నదానికి నేను పాటించే కొలత: నడుమ ఒక పేజీ తీసి పిల్లతోని చదివించాలె. అయిదుకన్నా ఎక్కువ చోట్ల ఆగితే ఆ పుస్తకం ఆమె చదివేది కాదు, మనం చదివి వినిపించేది. ఆగేది ఎక్కువగ సంయుక్తాక్షరాల దగ్గర. 'లక్ష్మి', 'స్త్రీ', 'స్వాతంత్ర్యం' లాంటి మాటలల్ల ఒక్క అక్షరానికే రెండేసి వత్తులు ఒకేసారి మీద పడతయి. అప్పుడు అక్షరాలు విడగొట్టి పాఠం చెప్పొద్దు. మాట మొత్తం ఒకసారి పలికి ముందుకు పోవాలె. ఇంకో రెండు పేజీలకు అదే మాట మళ్లీ వస్తది, అప్పుడు ఆగదు.

కథనం మనం, పాత్రల మాటలు పిల్లలు. ఈ పంపకం ఏడేండ్ల వయసు నుంచి పనిచేస్తది. ఒక్కొక్కరు ఒక్కో పేజీ అనుకుంటే పిల్లల పేజీ నడవక కథ చచ్చిపోతది. మాటల వరుసలు పొట్టిగ ఉంటయి, గొంతు మార్చొచ్చు, అందుకే వాళ్లకు ఇష్టం. నాలుగేండ్ల పిల్లలకు పది నిమిషాలు చాలు. ఏడెనిమిదేండ్లకు ఇరవై. పదేండ్లు దాటినోళ్లకు ధారావాహిక లెక్క రోజుకొక అధ్యాయం, మంచి పట్టు మీద ఉన్నప్పుడే పుస్తకం మూసెయ్యాలె. తిడతరు. తిట్టనియ్యండి.

భాష దగ్గర ఒక తగువు ఎప్పుడూ వస్తది. పుస్తకంల 'వెళ్తున్నాడు' అని ఉంటది, ఇంట్ల 'పోతుండు' అంటం. పెద్ద పిల్లలకు పుస్తకంల ఉన్నట్టే చదవాలె, చిన్నోళ్లకు ఇంటి మాటలకు మార్చి చదివినా తప్పు లేదు. 'మన మాట తప్పు, పుస్తకం మాట ఒప్పు' అని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. నవల రాసేటోళ్లకు ఇదే తగువు ఇంకో రూపంల వస్తది. పాత్రల మాటలు మన యాసల రాసినప్పుడు 'వచ్చిండు'నా 'ఒచ్చిండు'నా, 'అట్ల'నా 'గట్ల'నా అన్నది ముందే ఖాయం చేసుకోవాలె. నోటుబుక్కు ఆఖరి పేజీల ఆ జాబితా పెట్టాలె. ఒకే ముసలామె మొదటి అధ్యాయంల ఒక తీరు, తొమ్మిదో అధ్యాయంల ఇంకో తీరు మాట్లాడితే పైకి చదివినప్పుడు చెవికి ఠక్కున తగులుతది.

ఆ మాటలు దొరికేది కూడ ఎండాకాలంలనే. పాలమూరు నుంచి బొంబాయికి, పూనాకు పోయిన వలస కూలీలు పెండ్లిళ్లకు ఊర్లకు తిరిగొస్తరు. అరుగుల మీద, కూలీలను పనికి తీసుకపోయే గుంపుమేస్త్రీ దగ్గరి అప్పులు, మట్టిపని, బస్తీ కిరాయిల ముచ్చట్లు నడుస్తయి. కైకిలి, కల్లం, కుడుక, మాపు లాంటి మాటలు మధ్యల వాటంతట అవే దొర్లుతయి. ఫోన్ల రికార్డు చెయ్యాలనుకుంటే ముందు అడగాలె. చేసేటప్పుడు కూలర్ బంద్ చెయ్యాలె, లేకపోతే ఆ మోతల మనిషి గొంతు మునుగుతది. తారీఖు, ఊరు పేరు మొదట్లనే పలకాలె.

పుస్తకాలు కొనేటందుకు పైసలు లేకపోతే నల్లగొండల, మహబూబ్‌నగర్‌ల జిల్లా కేంద్ర గ్రంథాలయాలు ఉన్నయి. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతోని కుర్చీలు నిండి ఉంటయి కాబట్టి అక్కడ కూసొని చదువుదామని పోవద్దు, తెచ్చుకునేటందుకు పోవాలె. పిల్లల పుస్తకాల బీరువాకు తాళం ఉంటే అడిగి తీయించుకోవాలె. పెద్ద పిల్లలున్నోళ్లకు ఒక ఆట చెప్త. తెలంగాణల కవులు లేరన్న మాటకు జవాబుగ సురవరం ప్రతాపరెడ్డి 1934ల గోలకొండ కవుల సంచిక తెచ్చిండు, అందుల 354 మంది కవులున్నరు. మన ఊరి దిక్కు వాళ్లు ఎవరన్న ఉన్నరా అని పిల్లలతోని కలిసి వెతికితే ఒక మధ్యాహ్నం హాయిగ గడుస్తది.

కొత్తగ రాయకుండ ఉండలేనోళ్లకు తెల్లారగట్ల ఒక గంట ఉంది. మే నెలల ఇక్కడ పొద్దు పొడిచేది అయిదుముప్పావు ప్రాంతంల. ఆరు కొట్టేసరికి డాబా మీద పండుకున్న పిల్లల మొఖాల మీద ఎండ పడతది, లేస్తరు. వాళ్ల పక్కలను మెట్ల గదికో నీళ్ల ట్యాంకుకో పడమటి దిక్కు పరిస్తే పొద్దుటి నీడ వాళ్ల మీదనే ఉంటది, ఇంకో అరగంట మీకు దొరుకుతది. ఆ గంట కాగితం మీదనే రాయాలె. పొడుగు నోటుబుక్కుల కుడి పేజీ మీద రాసి ఎడమ పేజీ దిద్దుబాట్లకు వదలాలె. సాయంత్రం గాలిదుమారానికి కరెంటు పోయినా నోటుబుక్కు ఆగదు.

కూలర్ గాలి పుస్తకాల అర మీదికి కొట్టకుండ చూడాలె. ఆ చెమ్మకు అట్టలు వంగుతయి, కాగితాలు మెత్తబడి ఇంకు పాకుతది. రోహిణి కార్తె దాటి మృగశిర చినుకులు పడ్డంక చెదలు లేస్తయి. గుర్తులు పెట్టిన మూడు వందల కాగితాలను అడుగు అరల పెట్టొద్దు. గోడకు ఆనకుండ, నేలకు రెండు మూడు అడుగుల ఎత్తుల, రేకుపెట్టెల పెట్టాలె. బడులు తెరిచిన మొదటి వారం అట్టలు వేసేటందుకు, బస్సు వేళలు పట్టుకునేటందుకే సరిపోతది. పెట్టె తెరిచేది రెండో వారం, గుండ్రాలు చుట్టిన చోట్ల నుంచి.